గాలిని గీసిన డచ్ పల్లె దృశ్యాలు: ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది?

సంక్షిప్తంగా: 17వ శతాబ్దపు డచ్ పల్లె చిత్రాల్లో కనిపించే తేమగాలి, దూరం ప్రధానంగా రంగుల వల్ల వచ్చినవి కావు. దూరం పెరిగేకొద్దీ వెలుగు నీడల మధ్య తేడాను మెట్టుమెట్టుగా తగ్గించడం వల్ల వచ్చాయి. కొద్దిపాటి రంగులతో, పలుచని పూతతో వేగంగా పనిచేసే పద్ధతి అందుకు తోడ్పడింది. ఆ పద్ధతి వెనక మార్కెట్ ఒత్తిడి కూడా ఉంది. ఇవాళ ఆ చిత్రాల్లో కనిపించే గోధుమరంగులో కొంత భాగం వయసు తెచ్చిపెట్టినది. దాన్ని అనుకరించడం వల్లే చాలామంది బొమ్మలు బురదబురదగా తయారవుతున్నాయి.

ది హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో యాకోబ్ వాన్ రుయిస్‌డాల్ గీసిన హార్లెం దృశ్యం ఉంది. 1670–75 ప్రాంతానిది. ఎత్తు 55.5 సెంటీమీటర్లు, వెడల్పు 62 సెంటీమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండొంతులు ఆకాశమే. మిగిలిన పట్టీలో ఇసుక దిబ్బలు, నారబట్టలను ఎండలో పరిచి తెల్లబరిచే మైదానాలు, కొన్ని ఇళ్లు, చెట్ల వరసలు, దిగంతం మీద సెయింట్ బావో చర్చి ఉన్నాయి. చర్చి బొమ్మలో చాలా చిన్నది. అయినా అది ఎంతో దూరంలో ఉన్న పెద్ద కట్టడమని కన్ను వెంటనే ఒప్పుకుంటుంది. దూరానికి పోతూ ఒకచోట కలిసే రోడ్డు గీతలు అక్కడ లేవు. కొండల వరసలు లేవు, దూరాన్ని నీలంగా చూపించే పాత చిట్కా కూడా లేదు. దూరాన్ని మోస్తున్నది గాలి ఒక్కటే.

ఈ శైలిని సాధన చేసేవాళ్లలో చాలామంది ముందుగా కొనేది అంబర్ అనే ముదురు గోధుమ మట్టిరంగు. డచ్ చిత్రం అంటే గోధుమరంగు చిత్రం అన్న అభిప్రాయం అంతగా పాతుకుపోయింది. బొమ్మ చీకటిగా వస్తుంది, ఆకాశం మురికిపడుతుంది, దిగంతం ముందుకు తోసుకొస్తుంది. లోపం కుంచెలో ఉండదు. పని మొదలుపెట్టిన చోటే ఉంటుంది.

గాలి కంటికి ఏం చేస్తుంది

మనకూ దూరపు చెట్టుకూ మధ్య ఉన్న గాలి రెండు పనులు చేస్తుంది. చెట్టు నుంచి వచ్చే కాంతిలో కొంత దారిలోనే చెదిరిపోతుంది. ఆకాశం నుంచి వచ్చే కాంతి కొంత మన వైపు చెదిరి ఆ చెట్టు మీద తెరలా కలుస్తుంది. అందువల్ల దూరపు నీడలు తేలికవుతాయి, దూరపు వెలుగులు కాస్త మందగిస్తాయి. రెండూ దగ్గరై చివరికి దిగంతం దగ్గరి ఆకాశపు ఛాయలో (ఛాయ అంటే ఇక్కడ రంగు కాదు, వెలుగు చీకట్ల మోతాదు) కలిసిపోతాయి. మార్పు ఎక్కువగా పడేది నీడల మీద. ముందున్న చెట్టు మొదలు నలుపుకు దగ్గరి ఛాయలో ఉంటే, దూరపు చెట్టు మొదలు మధ్యస్థ బూడిద ఛాయలోనే ఉంటుంది.

రంగు సంగతి వేరు. శుభ్రమైన పొడిగాలిలో కాంతిని చెదరగొట్టేవి గాలి అణువులు. అవి నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి కాబట్టి దూరపు కొండలు నీలంగా కనిపిస్తాయి. తేమ గాలిలో ఆ పని నీటి తుంపరలది. కాంతి తరంగాలతో పోలిస్తే పెద్దవైన ఆ తుంపరలు అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అప్పుడు తెర నీలంగా కాక తెల్లగా, బూడిదగా ఉంటుంది. ఉత్తర సముద్రం పక్కన, కాలవల మధ్య ఉన్న హాలండ్ గాలి ఎక్కువగా ఈ రెండో రకం. డచ్ దూరాలు వెండిబూడిద రంగులో ఉండటానికి ఇదీ ఒక కారణం. ఇటలీ కొండల చిత్రాలు చూసి నేర్చుకున్న నీలి దూరాన్ని ఈ దృశ్యాల్లో పెడితే గాలి ఒక్కసారిగా పొడిబారినట్టు కనిపిస్తుంది.

దేశం చదునుగా ఉండటం మరో సంగతి. నిలబడి చూస్తే దిగంతం కంటి ఎత్తులోనే ఉంటుంది, నేల సన్నని పట్టీగా కుదించుకుపోతుంది. 1612లో బీమ్‌స్టర్ సరస్సును తోడి పొలంగా మార్చినట్టు, గాలిమరలతో నీళ్లు తోడి సంపాదించిన నేలల్లో చూపును అడ్డుకునేది చెట్టో చర్చి శిఖరమో మాత్రమే. ఆకాశం పెద్దదిగా గీయడం ఊహాశక్తి చూపించుకోవడం కోసం కాదు. అక్కడ కనిపించేది అదే.

చవకతనం నుంచి పుట్టిన పొగమంచు

అయితే పొగమంచు అంతకు ముందూ ఉంది. దాన్ని గీయాలన్న ఆలోచన 1620ల్లో హార్లెం చుట్టుపక్కల ఎందుకు బలపడింది? ప్రొటెస్టెంట్ చర్చిలు బలిపీఠాలకు బొమ్మలు వేయించడం ఆగింది. పెద్ద రాజాస్థానాల పోషణ తక్కువ. చిత్రకారులు ఎవరు కొంటారో తెలియకుండానే సంతల్లో, దుకాణాల్లో అమ్మడానికి గీయాల్సి వచ్చింది. కొనేవాళ్లలో వ్యాపారులే కాదు, చేతిపనివాళ్లూ ఉన్నారు. ధర తక్కువగా ఉండాలి, బొమ్మ త్వరగా పూర్తి కావాలి.

ఈసైయాస్ వాన్ డి వెల్డె శిష్యుడు యాన్ వాన్ గోయెన్ (1596–1656), పీటర్ డి మోలైన్, యాకోబ్‌కు పినతండ్రి వరసైన సాలమన్ వాన్ రుయిస్‌డాల్ అప్పుడు పట్టుకున్న దారి ఇది. చిన్న ఓక్ పలక. రెండు మూడు మట్టిరంగులు, తెలుపు, నలుపు, కొద్దిగా నీలం. చెక్క నార కనిపించేంత పలుచని పూత. రంగు తేడాలను వదిలేసి ఛాయ తేడాలతోనే బొమ్మ నడిపించడం. ఈ మార్పు ఖర్చు తగ్గించే ఉత్పత్తి పద్ధతి కూడా అని కళా మార్కెట్ చరిత్రకారుడు జాన్ మైకేల్ మోంటియాస్ వాదించాడు. ఖరీదైన రంగులు అక్కర్లేదు, పొర ఆరేదాకా వారాల తరబడి ఆగనక్కర్లేదు. ఆర్థిక కారణం ఒక్కటే ఈ సౌందర్యాన్ని వివరించదు. కానీ దాన్ని పక్కన పెడితే ఇన్ని చిత్రాలు ఎలా వచ్చాయో అర్థం కాదు. వాన్ గోయెన్ పేరున ఉన్న చిత్రాలే 1,200 వరకు లెక్కకు వస్తాయి.

ఆ వేగం ఎలాంటిదో శామ్యూల్ వాన్ హోఖ్‌స్ట్రాటెన్ 1678లో అచ్చయిన చిత్రకళా గ్రంథంలో చెప్పాడు. ఒకే రోజులో బొమ్మ పూర్తి చేసే పందెంలో వాన్ గోయెన్ పలకంతా ఇక్కడ వెలుగు, అక్కడ చీకటిగా పులిమేశాడట. ఆ మరకల్లోంచే ఇళ్లను, పడవలను, ఒడ్డును వెతికి బయటికి తీశాడట. పందెం గెలిచింది మాత్రం కుంచె పట్టకుండా చాలాసేపు కూర్చుని, బొమ్మంతా మనసులో కట్టుకున్నాక గీసిన యాన్ పోర్సెలిస్. హోఖ్‌స్ట్రాటెన్ పుట్టింది 1627లో, పోర్సెలిస్ పోయింది 1632లో. కాబట్టి ఇది చూసి రాసినది కాదు, విని రాసినది. అయినా వాన్ గోయెన్ పలకల మీద కనిపించే పనితీరుకు ఈ వర్ణన సరిగ్గా సరిపోతుంది: ముందు వెలుగు నీడల పంపకం, తర్వాతే వస్తువులు.

అదే వాన్ గోయెన్‌కు 1650–51లో ది హేగ్ నగరపాలకులు 4 మీటర్లకు పైగా వెడల్పున్న నగర దృశ్యానికి 650 గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) ఇచ్చారు. ఇలాంటి పని అరుదు. తులిప్ దుంపల వ్యాపారంలో 1637లో నష్టపోయిన ఆయన అప్పులతోనే పోయాడు.

1650ల తర్వాత అభిరుచి మారింది. యాకోబ్ వాన్ రుయిస్‌డాల్ చేతిలో చెట్లకు, మేఘాలకు బరువు వచ్చింది, ఆకుపచ్చ, నీలం తిరిగి వచ్చాయి. పద్ధతి పునాది మాత్రం మారలేదు. ఈయన చిత్రాలు యథాతథ నకళ్లు కూడా కావు. తక్కువ ఎత్తు గుట్ట మీదున్న బెంట్‌హైమ్ కోటను 1653 నాటి చిత్రంలో ఎత్తైన కొండ మీద నిలబెట్టాడు. బయట నల్ల చాక్‌తో స్కెచ్ వేసుకుని, ఇంటికి వచ్చి బొమ్మను కట్టుకునేవాళ్లు. ఫోటోలోని ప్రతి చెట్టునూ దించాలని చూసే అభ్యాసకులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

పలుచని పూతలో దాగిన నీలం

ఈ శైలి గుట్టు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. కట్టెల పొయ్యి పొగ నల్లటి చెట్టు ముందు నీలంగా, వెలుతురు ఆకాశం ముందు గోధుమగా కనిపిస్తుంది. పొగ ఒకటే, వెనక ఉన్నది మారింది. నూనె రంగు పలుచటి పొర కూడా అలాగే ప్రవర్తిస్తుంది. ముదురు పూత మీద తెలుపు కలిసిన రంగును పలుచగా రుద్దితే చల్లగా, నీలిబూడిదగా కనిపిస్తుంది. లేత పూత మీద ముదురు రంగును పారదర్శకంగా పరిస్తే వెచ్చగా మెరుస్తుంది.

డచ్ పలకకు అడుగున సుద్ద, జంతు జిగురు కలిపిన పూత ఉంటుంది. దాని మీద కాస్త మట్టిరంగు కలిసిన పలుచని నూనె పొర. ఈ వెచ్చని అడుగు మీద తెలుపు, నలుపు కలిపిన మామూలు బూడిదరంగు పరిస్తే కన్ను దాన్ని నీలంగా చదువుకుంటుంది. నీలం రంగు చుక్క కూడా పడకుండా ఆకాశం నీలమవుతుంది. మందంగా పూస్తే ఈ ప్రభావం పోతుంది. అందుకే ఇక్కడ పలుచదనం పొదుపు మాత్రమే కాదు. గాలి కనిపించడానికి అదే మార్గం.

ఆ గోధుమరంగు ఎంతవరకు అసలుది

మూడున్నర శతాబ్దాల్లో నూనె పొర మరింత పారదర్శకమైంది. సీసపు తెలుపు నూనెతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారే చోట అడుగున ఉన్న చెక్క, ముదురు గీతలు పైకి తేలతాయి. ఆకాశానికి చవకగా వాడిన స్మాల్ట్, అంటే కోబాల్ట్ గాజు పొడి, అందులోని పొటాషియం నూనెలోకి జారిపోయేకొద్దీ నీలం కోల్పోయి బూడిదగా మారుతుంది. మొక్కల నుంచి తీసిన పసుపు వెలిసిపోతే ఆకుపచ్చ ఆకులు నీలంగా మిగులుతాయి. వీటన్నిటి మీదా వార్నిష్ పసుపుబారుతుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్న రెంబ్రాంట్ గాలిమర చిత్రం వెచ్చని బంగారు సంధ్యకు పేరుపడింది. 1970ల చివర్లో పాత వార్నిష్ తొలగించాక ఆకాశంలో నీలం, చల్లదనం బయటపడ్డాయి.

వాన్ గోయెన్ 1640ల చిత్రాలు మొదటి నుంచీ రంగు పొదుపుగా వేసినవే, అందులో సందేహం లేదు. కానీ మ్యూజియం గోడ మీదో ముద్రిత పుస్తకంలోనో కనిపించే గోధుమను కొలతగా పెట్టుకుంటే చిత్రకారుడి పనికి తోడు కాలం చేసిన పనిని కూడా నకలు చేసినట్టవుతుంది. కొత్త బొమ్మ ఇంకో యాభై ఏళ్లకు తనంతట తానే ముదురుతుంది. మొదట్లో కాస్త వెలుతురుగా, చల్లగా ఉంచడమే మంచిది.

పని క్రమం

30 × 40 సెంటీమీటర్ల పలక సాధనకు చాలు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎమ్‌డీఎఫ్ (చెక్కపొట్టును అదిమి చేసిన పలక). అంచులు, వెనక భాగం కూడా మూసేయాలి. రెండు మూడు పూతలు గెస్సో (రంగు పట్టడానికి అడుగున వేసే తెల్ల పూత) వేసి, మధ్యలో 220 నంబరు, చివర 320 నంబరు ఎమరీ కాగితంతో రుద్దాలి. దాని మీద ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగులో కొద్దిగా రా అంబర్ కలిపి, టర్పెంటైన్‌తో పలుచన చేసి పూసి, గుడ్డతో తుడిచేయాలి. మిగిలేది లేత తేనెరంగు. ఇంతకన్నా ముదిరితే తర్వాత ఆకాశంతో కుస్తీ తప్పదు.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, రా అంబర్, బర్న్‌ట్ సియెన్నా, ఐవరీ బ్లాక్, అల్ట్రామెరిన్. విషపూరితమైన సీసపు తెలుపు జోలికి వెళ్లనక్కర్లేదు. టైటానియం దానికన్నా బాగా కప్పేస్తుంది, పలుచగా రుద్దినప్పుడు సుద్దలా తేలిపోతుంది. తెలుపులో చిటికెడు ఓకర్ ముందే కలిపి పెట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

దిగంతాన్ని కింది నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య పెట్టాలి. సరిగ్గా సగానికి పెడితే నేలా ఆకాశమూ పోటీపడతాయి. తర్వాత రా అంబర్‌ను టర్పెంటైన్‌తో పలుచగా కలిపి వెలుగు నీడల పంపకం మాత్రమే చేయాలి. డచ్ కార్ఖానాల్లో ‘చచ్చిన రంగు’ అని పిలిచిన దశ ఇదే. వస్తువులు అక్కర్లేదు. ముందు భాగంలో ముదురు పట్టీ, దాని వెనక ఎండ పడిన లేత పట్టీ, మళ్లీ మేఘపు నీడ, ఆ వెనక ఇంకో సన్నని వెలుగు. ఈ అంతరాల వల్లే చదును నేలలో లోతు పుడుతుంది. హార్లెం చిత్రంలో బట్టలు ఆరేసిన మైదానం మీదే ఎండ పడటం కాకతాళీయం కాదు. పట్టీలు దిగంతం వైపు పోయేకొద్దీ సన్నబడాలి. అంబర్‌లో మాంగనీస్ ఉండటంతో ఈ పొర ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది.

ఇక్కడ అంకెలు సాయపడతాయి. నలుపు 1, తెలుపు 10 అనుకుంటే, దిగంతం దగ్గరి ఆకాశం 8–9, నడినెత్తి వైపు ఆకాశం 6–7, దూరపు నేల 6–7, మధ్య నేల నీడలు 4–5, ముందు నేల 2–3. దూరపు చర్చికీ వెనకున్న ఆకాశానికీ తేడా రెండు మెట్లు దాటకూడదు. 9 పైన ఉన్న తెలుపును ఒకటి రెండు మేఘపు అంచులకే దాచుకోవాలి. ఈ అంకెలను చిన్న కాగితం మీద బూడిద ఛాయలుగా వేసుకుని పక్కన పెట్టుకుంటే, రంగు కలిపేటప్పుడు ఊహించాల్సిన పని ఉండదు.

ఆకాశాన్ని ఒకే విడతలో, తడి మీద తడిగా, గంటన్నర రెండు గంటల్లో ముగించాలి. 25 మిల్లీమీటర్ల గట్టి బ్రష్ చాలు. అడుగున ఉన్న తేనెరంగు అక్కడక్కడా తొంగిచూడాలి. మేఘాల విషయంలో తరచుగా తప్పేది జ్యామితి. చిన్న, పెద్ద కుప్పమేఘాల అడుగులు దాదాపు ఒకే ఎత్తులో చదునుగా ఉంటాయి. అంటే మేఘాలు కూడా తలకిందులుగా ఉన్న నేల లాంటివే: పైన పెద్దవిగా, దూరదూరంగా ఉంటాయి, దిగంతం దగ్గర చిన్నవిగా, చదునుగా, ఒత్తుగా చేరతాయి. ఒకే సైజు దూదిపింజలను సమాన దూరంలో పేరిస్తే ఆకాశం గోడ అయిపోతుంది. మెత్తటి మాప్ బ్రష్‌తో అతిగా నునుపు చేసినా అంతే. రెండు మూడు సార్లు తాకించి ఆపాలి.

ఆకాశం ముట్టుకుంటే అంటనంతగా ఆరాక నేల పని దూరం నుంచి ముందుకు రావాలి. దూరపు చెట్లకు అక్కడి ఆకాశపు రంగునే కాస్త ముదురు చేసి వాడాలి, అంచులు మెత్తగా ఉండాలి. విడి ఆకుపచ్చ కొనకుండా ఓకర్, ఐవరీ బ్లాక్ కలిపితే వచ్చే ఆలివ్ పచ్చ ఈ దృశ్యాలకు సరిగ్గా నప్పుతుంది. అల్ట్రామెరిన్ ఎక్కడో ఒకచోట పడితే చాలు. నీటిలో ప్రతిబింబం దాని మూలం కన్నా తేడా తక్కువగా ఉంటుంది: లేతవి కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త తేలికవుతాయి.

మనుషుల సైజుకు ఒక సూత్రం ఉంది. చదును నేల మీద నిలబడి చూస్తున్నట్టు గీస్తే, నిలబడ్డ మనుషులందరి తలలూ దగ్గరున్నా దూరమున్నా దిగంత రేఖ దగ్గరే ఉంటాయి. మారేది పాదాల చోటే. దిబ్బ మీద నుంచి చూస్తున్నట్టు గీస్తే తలలన్నీ దిగంతం కిందే ఉంటాయి. ఈ ఒక్కటి తప్పితే మంచి బొమ్మలో కూడా రాక్షసులో మరుగుజ్జులో పుట్టుకొస్తారు.

ఎక్కడ చెడుతుంది

‘బురద’ ఎక్కువగా రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి, తడి అంబర్ మీదే ఆకాశపు లేత రంగు పరచడం. కుంచె అడుగు రంగును పైకి లాగేస్తుంది, నీలిబూడిద రావాల్సిన చోట మట్టి వస్తుంది. రెండు, ఒక మిశ్రమంలో తెలుపు కాకుండా మూడుకు మించి రంగులు కలపడం. మూడో కారణం కూడా ఉంది కానీ అది కంటికి సంబంధించినది: బొమ్మంతా ఒకే మధ్యస్థ ఛాయలో ఉంటే రంగులు శుభ్రంగా ఉన్నా మురికిగానే తోస్తాయి. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే వెంటనే బయటపడుతుంది.

దిగంతం ముందుకు పొడుచుకొస్తుంటే అక్కడ ఛాయ ముదిరిందని, లేదా అంచు పదునెక్కిందని అర్థం. ఆరిన తర్వాత ఆకాశపు రంగును దాదాపు పొడి బ్రష్‌తో పలుచగా రుద్దితే వెనక్కి పోతుంది.

పొరల క్రమం నూనె తక్కువ నుంచి ఎక్కువకు సాగాలి. నెమ్మదిగా ఆరే ఐవరీ బ్లాక్ ఎక్కువున్న మందపాటి పొర మీద త్వరగా ఆరే పలుచని పొర వేస్తే పైది చీలుతుంది. అంబర్ ఉన్న చోట్ల రంగు ఇంకిపోయి మచ్చలు మచ్చలుగా వెలవెలబోతే, కొద్ది చుక్కల అవిసె నూనె రుద్ది మిగిలింది తుడిచేస్తే ఛాయ తిరిగి వస్తుంది. ఆ మచ్చలను చూసి ఇంకా ముదురు రంగు పూయడం చాలామంది చేసే పొరపాటు.

హేగ్ స్కూల్: అదే నేల, వేరే పనిముట్లు

1870ల్లో ఆంటన్ మావ్, వైసెన్‌బ్రుక్, మారిస్ సోదరులు ఈ సంప్రదాయాన్ని తిరిగి అందుకున్నారు. ఈ చిత్రకారుల బృందానికి హేగ్ స్కూల్ అన్న పేరు 1875లో వచ్చింది. ట్యూబు రంగులు అప్పటికే వచ్చేశాయి కాబట్టి వీళ్లు బయటే నూనె రంగులతో పని చేయగలిగారు. వీళ్ల బూడిద అడుగు పూత నుంచి తొంగిచూసేది కాదు, రంగులు కలిపే పళ్లెంలోనే కలిపి మందంగా పెట్టినది. 1881 చివర మావ్ దగ్గర పాఠాలు నేర్చుకున్న వాన్ గో తొలి చిత్రాల్లోని మట్టిరంగుల వెనక ఈ వాతావరణం ఉంది. కొత్తవాళ్లకు ఈ అపారదర్శక పద్ధతే సులువు. వాన్ గోయెన్ పలుచదనం చేతికి అందడానికి మరింత కాలం పడుతుంది.

గోదావరి డెల్టాలో పనికొచ్చేది, రానిది

చదును నేల, కాలవలు, తేమ గాలి ఉన్న గోదావరి, కృష్ణా డెల్టాలకు ఈ పద్ధతి చాలావరకు అతుకుతుంది. కొల్లేరు, వరిచేల వైపు తెరిచిన దిగంతం దొరుకుతుంది. కోనసీమలో కొబ్బరి తోటలు దాన్ని మూసేస్తాయి, అక్కడ కాలవ వెంబడి తెరిచిన సందులోనే గాలిని చూపించాలి. పొడిగాలి, రాతిగుట్టలు ఉన్న రాయలసీమకు ఈ సూత్రాలు యథాతథంగా పనికిరావు. అక్కడ తెర వేసేది తేమ కన్నా ధూళే, దాని రంగు పసుపు వైపు ఉంటుంది.

పెద్ద తేడా సూర్యుడిది. 52 డిగ్రీల అక్షాంశం మీదున్న హార్లెంలో డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 14 డిగ్రీలకు మించి పైకి రాడు. డెల్టాలో అదే రోజు 50 డిగ్రీలు ఎక్కుతాడు. అంటే అక్కడ చలికాలపు మధ్యాహ్నం దొరికే వాలు వెలుతురు ఇక్కడ సూర్యోదయమైన గంట పైచిలుకులోనే దాటిపోతుంది. మంచు కూడా ఆ వేళకే ఉంటుంది. కాబట్టి అక్కడికక్కడ నూనె బొమ్మ పూర్తి చేయాలని చూడకుండా, వాన్ గోయెన్ లాగే చాక్ స్కెచ్ వేసి, పక్కన ఛాయల అంకెలు రాసుకుని, ఇంట్లో పలక కట్టుకోవడం నయం.

వానాకాలంలో ఎమ్‌డీఎఫ్ అంచులు తేమ తాగి ఉబ్బుతాయి, నూనె పొర ఆలస్యంగా ఆరుతుంది, చీకటి గదిలో పెడితే పసుపుబారుతుంది కూడా. గాలి ఆడే, వెలుతురు ఉన్న గోడకు ఆనించి పెట్టాలి. వార్నిష్‌కు పలుచని బొమ్మ అయితే ఆరు నెలలు, మందపు పూత ఉంటే ఏడాది ఆగాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండలు చుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. నీళ్లలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేసి పారేయాలి.